దుప్పటి కారు

తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ నింపేసరికి పూట గడిచిపోతుంది. ఈ కథలో స్తంభానికి ఆనుకుని చాప మీద కూర్చుని కాజాలు కుట్టే ముసలామె ఒకతె వస్తుంది. అది నేనే. కానీ కథ నాది కాదు, మిషనమ్మది. అందుకని నా గురించి కూడా పక్కింటివాళ్ల గురించి రాసినట్టే రాశాను. నేను లేని చోట జరిగినవి ఆమె చెబితే రాశాను.

*

మిషనమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నప్పుడు ఆమెతో ఎవరూ వాదనకు దిగరు. సూదులన్నీ డబ్బాలో వేశాక జవాబు ఒకేసారి వస్తుంది, దాన్ని తట్టుకోవడం కష్టం. ఆ ఉదయం నోటి నిండా సూదులు పెట్టుకుని, ఇంటి ముందు రేకుల షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని, పాత దుప్పట్లని ఒకదానికొకటి జోడిస్తోంది. లాగితే ఊడొచ్చే పెద్ద పెద్ద కుట్లు. కొన్ని దుప్పట్లు నీలం, ఒకటి బూడిద రంగు, ఒకటి ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో ఎవరికీ గుర్తులేనిది.

గడప మీద కూర్చున్న కూతురు ఫోన్లో చూసి కొలతలు చదువుతోంది. మిషనమ్మ మెడలోని టేపు తీసి పరుస్తుంది, చివర వేలితో అదిమి పెడుతుంది, మళ్లీ పరుస్తుంది, సుద్దతో గీస్తుంది. గీత ఎక్కడా వణకదు. ముందు భాగం దగ్గర రెండు మూలలూ గుండ్రంగా తిప్పింది, చొక్కా కాలరు తిప్పినట్టు.

"ఏమిటే ఇది? కారుకి గౌను కుడుతున్నావా?" అంది వదిన.

వదిన అంటే మిషనమ్మ మొగుడి అక్క. ఆమె ఉండేది పెరటి గదిలోనే అయినా, నోరు మాత్రం ఎప్పుడూ వీధి గుమ్మంలోనే ఉంటుంది.

మిషనమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. "చొక్కా కత్తిరించే ముందు కాగితం మీద గీసుకుంటాం కదా వదినా. ఇదీ అంతే. తీరా తెచ్చాక షెడ్డులో పట్టకపోతే మీరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారా?"

కొన్నాళ్లుగా ఆ ఇల్లు రెండు కార్ల మధ్య నలుగుతోంది. ఒకటి డ్రైవరుగారికి నచ్చిన పొడుగు బండి. చుట్టూ కెమెరాలు, ముందు టీవీ అంత తెర. రెండోది మిషనమ్మకి నచ్చిన పొట్టి బండి. తక్కువ తాగుతుంది, వెనక సీటు మడిస్తే, ఆసుపత్రికి ఆమె కుట్టిచ్చే తెల్లకోట్ల మూటలన్నీ పడతాయి. పెట్టే డబ్బు మిషనమ్మది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు.

డ్రైవరుగారంటే మిషనమ్మ భర్తే. ఒక కంపెనీలో పెద్దవాళ్ల కార్లు నడిపి నడిపి ఈమధ్యే రిటైరయ్యారు. వీధిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, పిలిస్తే ఆయన పలుకుతారో లేదో కూడా అనుమానమే. ఉద్యోగం పోయినా చొక్కా ఇస్త్రీ పోలేదు, కాలరు కింద మడిచి పెట్టే రుమాలూ పోలేదు.

అసలు బండి అవసరం పడింది మూటల వల్ల. ఆసుపత్రి స్టోర్సు ఆవిడ కిందటిసారి మొహం మీదే చెప్పేసింది: "నీ కుట్టుకి వంక పెట్టలేనమ్మా. కానీ నీ అద్దె బండివాడు నిద్ర లేస్తేనే కదా నాకు సరుకు. ఇంకోసారి ఆలస్యమైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. సోమవారం పొద్దున్నే కోట్లు నా బల్ల మీద ఉండాలి." ఆ అద్దె బండివాడే ఒకసారి మూటల్ని తడి నేల మీద పడేసి పోయాడు. మిషనమ్మ తెల్లకోట్లన్నీ మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ మర్నాడే డ్రైవింగు స్కూలు మెట్లెక్కింది. లైసెన్సు వచ్చింది. దాన్ని గుండుసూదుల డబ్బాలోనే పెట్టుకుంది. డ్రైవరుగారు అది చూసి నవ్వి, "సరదాకి నేర్చుకుందిలే" అని వీధిలో అందరికీ చెప్పారు.

ముందు పొడుగు బండి దుప్పటి పరిచారు. అది షెడ్డంతా ఆక్రమించి, స్తంభం దాటి, కాజాలక్క చాప మీదికి ఎక్కింది. కాజాలక్క రోజూ వచ్చి ఆ స్తంభానికి ఆనుకునే కోట్లకి కాజాలు కుట్టి వెళుతుంది. వెలుతురు అక్కడే బాగా పడుతుంది.

"నన్నెక్కడికి పొమ్మంటారమ్మా?" అంది కాజాలక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"బానెట్టు మీద కూర్చో అక్కా, వెచ్చగా ఉంటుంది," అన్నారు డ్రైవరుగారు. అందరూ నవ్వారు. కాజాలక్క కూడా నవ్వి చాప పక్కకి జరుపుకుంది, నీడలోకి.

ఇక సీట్లు. కూతురు పీటలు తెచ్చింది. "నాన్నా, మీరు ముందు. అత్తా, నువ్వు నాన్న పక్కన. అమ్మా, నువ్వు వెనక, మూటల దగ్గర."

"బండి నాది, మూటలు నావి, నేను వెనకా?"

"మరి? నా తమ్ముడు స్టీరింగు పట్టుకుని ఉంటే నువ్వు ముందు కూర్చుని ఏం చేస్తావు, విసనకర్రతో విసురుతావా?" అంది వదిన, చెప్పులు విడిచి మరీ దుప్పటి కారు ఎక్కుతూ.

డ్రైవరుగారు పీట పట్టుకుని వచ్చి, వేసుకుని, దర్జాగా కూర్చున్నారు. చేతులు వాటంతట అవే లేచి లేని స్టీరింగుని పట్టుకున్నాయి. మెడ నిటారుగా నిలబడింది. ఆ కాసేపూ ఆయన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

"నాన్నా!" కూతురు పకపకా నవ్వింది. "మీరు సగం తలుపులోంచి బయటికొచ్చేశారు!"

నిజమే. పీట సగం గీత లోపల ఉంది, సగం బయట.

"గాలి కోసం," అన్నారాయన. వదిన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

మిషనమ్మ నవ్వలేదు. గీత తెల్లగా, వేలంత మందాన ఉంది. ఆమె మోకాళ్ల మీదే జరిగి వచ్చి, పెద్ద కత్తెరని చప్పుడు కాకుండా ఆయన పక్కన, తలుపు వైపు పెట్టింది. కాసేపాగి, "ఏమండీ, ఆ కత్తెర ఇటు ఇవ్వండి" అంది.

"ఏదీ?"

"మీ పక్కనే."

ఆయన చెయ్యి దుప్పటి మీద పాకింది. ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, ఒక మడతని తడిమింది. చివరికి కత్తెర పిడి వేళ్లకి తగిలింది. "ఇక్కడే పెట్టుకుని అడుగుతావేం," అంటూ అందించారు. మొహం మాత్రం నేరుగా వీధి వైపే ఉంది.

మిషనమ్మ కత్తెర అందుకుంది. సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది. కాజాలక్క ఇదంతా చూసింది, చూడనట్టే దారం కొరికింది.

*

షోరూములో నేల ఎంత నున్నగా ఉందంటే కార్లన్నీ కిందా మీదా రెండేసి కనిపిస్తున్నాయి. మిషనమ్మ కోట్ల మూట ఒకటి చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. తలుపు దగ్గర కాపలా మనిషి మూటని చూసి ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

కార్లు చూపించే అమ్మాయి చురుకైనది. నవ్వుని రెండు ముక్కలు చేసి, ఒకటి ఆయనకి, ఒకటి ఈమెకి ఇచ్చింది. "సార్, ఇంజిను సంగతులు మీకు చెప్తాను. మేడమ్, మీకు రంగులు చూపించనా?"

"రంగుదేముంది. మూట ఎక్కడ పెట్టాలో చూపించు."

పొట్టి బండి వెనక తలుపు తెరిపించి, సీటు మడిపించి, మూట లోపల పెట్టింది. మళ్లీ తీసింది. పక్కకి తిప్పి పెట్టింది. ఎత్తేటప్పుడు నడుము ఎంత వంగాలో చూసుకుంది. పొడుగు బండికి వెళ్లి అదే పని చేసింది. దాని వెనక భాగం ఎత్తు, మూటని ఛాతీ దాకా లేపాల్సి వచ్చింది. అమ్మాయి వెనకాలే తిరిగింది, ఎక్కడ అద్దానికి గీత పడుతుందోనని.

డ్రైవరుగారు తెర ముందు కూర్చుని కదలడం లేదు. మైలేజీ ఎంతొస్తుందో అమ్మాయి చెప్పబోతే చెయ్యి ఊపేశారు. "ఆ లెక్క ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండిలో, ఖాళీ కడుపుతో నడిపినవాడిదమ్మా. తాగేది బండి కాదు, కాలు. కాలు మంచిదైతే ఏ బండైనా పొదుపే." అమ్మాయి నవ్వింది, ఈసారి నిజంగానే.

"చూస్తున్నావా మిషనూ?" అన్నారు ఆయన, తెర మీద వేలితో కొడుతూ. "వెనక కెమెరా, పక్కన కెమెరా. ఏదైనా దగ్గరికొస్తే మోగుతుంది. కళ్లు మూసుకుని నడిపెయ్యొచ్చు."

ఆ మాట అవసరమైనదానికన్నా గట్టిగా వచ్చింది. మిషనమ్మ ఆయన వైపు చూసింది. ఆయన తెర వైపే చూస్తున్నారు.

ఒకసారి నడిపి చూడటానికి అమ్మాయి పొడుగు బండి తాళం తెచ్చింది. చెయ్యి నేరుగా ఆయన వైపే చాచింది. మిషనమ్మ చెయ్యి కూడా లేచింది, కానీ ఆలస్యంగా. "ముందు నన్ను చూడనీ, కొత్త బండి," అంటూ డ్రైవరుగారు తాళం తీసేసుకున్నారు. అమ్మాయి ఆయన పక్కన కూర్చుంది. మిషనమ్మ, కూతురు వెనక సీట్లో. మూట మిషనమ్మ ఒళ్లో.

బండి వెన్నలా కదిలింది. అది ఒప్పుకోవాలి. గేర్లు మారడం తెలియలేదు, మలుపులు తెలియలేదు. కూతురు తల్లి మోచేతిని పొడిచి, చూశావా అన్నట్టు కళ్లెగరేసింది. మిషనమ్మ కళ్లు ఆయన తలుపు వైపు అద్దం మీద ఉన్నాయి. ఆయన ఆ అద్దంలోకి ఒక్కసారీ చూడలేదు.

పెద్ద రోడ్డు మీదికి రాగానే మోత మొదలైంది.

"ఏమిటీ గోల?" అన్నారు డ్రైవరుగారు.

"మీ పక్కన ఏదో ఉంది సార్."

"ఏమీ లేదే."

మిషనమ్మకి కనబడుతోంది. సైకిలు. కుడికి తిరగడానికి రోడ్డు మధ్యకి వచ్చిన రంగులేసే మనిషి దాని మీద, భుజానికి నిచ్చెన తగిలించుకుని. సైకిలూ కారూ పక్కపక్కనే పోతున్నాయి, ఆ మధ్య ఖాళీ నెమ్మదిగా సన్నబడుతోంది. మోత ఇంకా దగ్గర దగ్గరగా కొట్టుకుంది.

"ఆ మోత ఆపమ్మా, చెవిలో జోరీగలా. దీంతో ఎలా నడుపుతారు మనుషులు?"

అమ్మాయి తెర మీద ఎక్కడో నొక్కింది. కారంతా నిశ్శబ్దమైపోయింది.

"ఏమండీ!" అంది మిషనమ్మ. ఆమె మాటా, బయట దెబ్బా ఒకేసారి పడ్డాయి. నిచ్చెన మనిషి అరచేత్తో కారు కప్పు మీద దబదబా కొడుతున్నాడు. "కళ్లు కనబడట్లేదా! ఓయ్! కళ్లు కనబడట్లేదా!"

డ్రైవరుగారు స్టీరింగు లాగేశారు. కారు ఊగి నిలదొక్కుకుంది. నిచ్చెన మనిషి సైకిలు ఆపి, కాలు నేలకి ఆనించి, ఇంకా తిడుతూనే ఉన్నాడు. అతని మొహం పాలిపోయింది.

"పక్కకి తీసి ఆపండి," అంది మిషనమ్మ.

ఆయన ఆపారు. ఆమె మూట కూతురి ఒళ్లోకి తోసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఆయన తలుపు తెరిచింది.

"దిగండి."

"ఏమిటి?"

"దిగండి. నేను తీస్తాను."

"నడిరోడ్డు మీదా? నలుగురూ చూస్తున్నారే."

"చూడనీయండి. ఇంట్లో అడిగితే గాలి కోసం అంటారు."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. ఆ చూడటానికి కూడా తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. కాలరు కింద రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు, మళ్లీ మడిచి అక్కడే పెట్టుకున్నారు. ఆ పని అయ్యేదాకా మిషనమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆమె చెయ్యి తీయలేదు.

"అమ్మా, అందరూ..." అంది కూతురు.

"నువ్వు మూట పట్టుకో."

ఆయన దిగారు. వెనక తలుపు తెరుచుకుని కూర్చున్నారు. ఎన్నో కార్లు నడిపిన మనిషి, వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు.

"మేడమ్, కావాలంటే నేను నడుపుతాను," అంది అమ్మాయి. "లైసెన్సు లేకుండా ఇవ్వకూడదు..."

మిషనమ్మ సంచిలోంచి గుండుసూదుల డబ్బా తీసి, మూత తెరిచి, సూదుల మధ్య నుంచి లైసెన్సు లాగి ఆమె చేతిలో పెట్టింది. "ఆ మోత ఆపావు కదా, మళ్లీ పెట్టు."

"రద్దీలో ఊరికే మోగుతూ ఉంటుంది మేడమ్, చిరాకు పడతారు."

"మోగనీ. అది కళ్లకి తోడు, కళ్లకి బదులు కాదు."

బండి కదలబోయి ఆగిపోయింది. మళ్లీ కదలబోయి మళ్లీ ఆగింది. వెనక ఎవరో తల బయటపెట్టి, "ఇంటికి పోయి వంట చేసుకోవమ్మా!" అని అరిచాడు. "నీకు కూడా పెడతాను, ఆగు!" అంది మిషనమ్మ అద్దంలో చూస్తూ. ఈసారి కదిలింది. రెండో గేరులోనే, మూడోది ఉన్న సంగతే మరిచిపోయి, చెమటతో వీపు తడిసిపోయి, షోరూము దాకా తెచ్చింది. దారి పొడవునా మోత మోగుతూనే ఉంది. దారి పొడవునా వెనక సీట్లో డ్రైవరుగారి కాలు నేలని తొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదు.

*

"మొగుణ్ని నడిరోడ్డు మీద దింపేసిందట! పేపర్లో వేయించుకో తల్లీ!"

కూతురు చెప్పడం పూర్తి కాకముందే వదిన అందుకుంది. మిషనమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు. కోటు చెయ్యి అతుకుతోంది.

"వేయించుకుంటాను. ఫోటో మీరే తీయండి, మీ చెయ్యి బాగుంటుంది."

"వాడు నడిపినన్ని బండ్లు నువ్వు కళ్లతో చూసి కూడా ఉండవే."

మిషను ఆగింది. "చూసి ఉండను వదినా. ఆయన నడిపినప్పుడు నేను ఒక్క మాట అన్నానా? ఇప్పుడు అంటున్నాను. ఆ తలుపు వైపు ఆయనకి ఏమీ కనబడటం లేదు. నిచ్చెన కనబడలేదు, మనిషి కనబడలేదు, దుప్పటి మీద నా సుద్దగీతే కనబడలేదు. మీరు నవ్వారు. అడగండి మీ తమ్ముణ్ని, ఇక్కడే ఉన్నారుగా."

వదిన తమ్ముడి వైపు తిరిగింది. ఆయన కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు గుమ్మం చెక్కకి భుజం తగిలింది.

వదిన కాసేపు ఆ గుమ్మం వైపే చూసింది. తర్వాత ఏమీ అనకుండా పెరటి గదికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆమె నోరు, ఆమె మనిషి ఒకే గదిలో ఉండటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున మిషనమ్మ షెడ్డులో కోట్లు మడత పెడుతుంటే డ్రైవరుగారు వచ్చి కాజాలక్క చాప చివర కూర్చున్నారు. చొక్కా నలిగి ఉంది. కాజాలక్క లేవబోయింది, ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు.

"ఇంట్లో అనొచ్చుగా," అన్నారు.

"అంటే ఒప్పుకునేవారా?"

ఆయన నేల మీద పడ్డ దారపు ముక్కలు వేళ్లతో పోగు చేస్తున్నారు. "ఆ వైపు పొగ పట్టినట్టు ఉంటోంది. చాన్నాళ్లుగా. కళ్ల డాక్టరు ఇక తగ్గదన్నాడు. మిగతాదంతా బాగానే కనబడుతుంది. అందుకే ఆ కెమెరాల బండి అన్నాను."

"ఆ కెమెరా మోగితే మీరేం చేశారు?"

ఆయన పోగు చేసిన దారాలు ఉండ చుట్టారు.

"మీకు కోపం వస్తుందని నాకు భయం లేదండీ," అంది మిషనమ్మ. "ఆ నిచ్చెన మనిషి నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అతనికీ ఇంట్లో ఎవరో ఉంటారు, అన్నం పెట్టుకుని చూస్తూ. నేను పొట్టి బండే తీసుకుంటాను. మోత ఉన్న రకమే తీసుకుంటాను. తాళం నా దగ్గరే ఉంటుంది."

"వీధిలో అందరూ నన్నేమని పిలుస్తారో తెలుసుగా."

"తెలుసు."

"ఇక మీద ఏమని పిలుస్తారు?"

మిషనమ్మ నోట్లో సూదులు లేవు. అయినా వెంటనే జవాబు రాలేదు. మడత పెట్టిన కోటుని మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది. "నాకు తెలీదు," అంది చివరికి. "నేను షోరూముకి వెళ్తున్నాను. వస్తారా?"

"రాను."

"సరే, రాకండి."

షోరూములో అమ్మాయి ఈసారి లేచి నిలబడి కుర్చీ లాగింది. పొట్టి బండి, మోత ఉన్న రకం, తెల్లరంగుది రావాలంటే నెల పట్టొచ్చంది. ఇప్పటికిప్పుడు ఇవ్వగలిగింది ఒకటే ఉంది, మూల నిలబెట్టినది, ఎవరికీ నచ్చక మిగిలిపోయినది.

"రంగు మరీ..." అంది అమ్మాయి ఇబ్బందిగా.

"నీకు నిన్నే చెప్పాను. రంగుదేముంది. ఇటు ఇవ్వు తాళం." ఈసారి చెయ్యి ముందే చాచింది.

*

బండి షెడ్డులోకి వచ్చి, పొట్టి బండికని రెండో దుప్పటి మీద గీసిన చోటే, గీసినట్టే నిలబడింది. కాజాలక్క చాప అంగుళం కూడా జరపాల్సిన పని పడలేదు. వదిన చుట్టూ తిరిగి చూసి, "పండిన గుమ్మడికాయలా ఉంది," అంది. అని, కొంగుతో అద్దం మీద వేలిముద్ర తుడిచింది.

సోమవారం తెల్లారగానే మిషనమ్మ మూటలు ఎక్కించడం మొదలుపెట్టింది. పెద్దవి ముందు పెట్టింది, చిన్నవి పట్టలేదు. అన్నీ దింపి మళ్లీ పెట్టింది, వెనక అద్దం మూసుకుపోయింది. డ్రైవరుగారు గడప మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఇస్త్రీ చొక్కా. కాలరు కింద రుమాలు.

ఎవరూ పిలవలేదు. ఆయనే గ్లాసు కింద పెట్టి లేచారు. మూటలన్నీ దింపారు. బరువైనవి సీటు వెనక్కి ఆనించి, చిన్నవి పక్క సందుల్లో దూర్చి, చేత్తో తడిమి చూసుకుంటూ, వెనక అద్దం పూర్తిగా ఖాళీ అయ్యేలా సర్దారు. వెనక తలుపు వేశారు. చేతులు దులుపుకుని బండి ముందుకు వచ్చారు. ఒక్క క్షణం అలవాటైన తలుపు దగ్గర ఆగారు. తర్వాత బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, దాని వెంబడే చుట్టూ నడిచి, రెండో వైపు ఎక్కారు.

"స్టోర్సు ఆవిడ ఎదురుచూస్తుంటుంది, పద," అన్నారు.

 వీధి చివరిదాకా ఆయన కాలు కింద పరిచిన రబ్బరు చాపని తొక్కుతూనే ఉంది. మిషనమ్మ చూసింది.

"ఏమిటా తొక్కుడు?" అన్నారు ఆయనే, పెద్ద రోడ్డెక్కాక. "గోనెసంచి కుడుతున్నావా?"

"మరెలా తొక్కాలి?"

"పట్టుబట్ట మిషను మీద పెడితే కాలు ఎలా వేస్తావు?"

మిషనమ్మ కాలు తేలికైంది. ఇంజిను మూలుగు తగ్గింది.

"ఆఁ. ఇప్పుడు గేరు మార్చు. ఇప్పుడు, ఇప్పుడు. విను, అదే అడుగుతోంది." ఆయన కళ్లు మూసుకున్నారు. బండి చప్పుడుని చెవితో పట్టుకుని దాని వెంటే పోతున్నారు. "పొదుపుగా పోతే తెర మూల పచ్చ దీపం వెలుగుతుందని చెప్పింది షోరూము పిల్ల. వెలిగిందా?"

"వెలిగింది."

"మళ్లీ పోయింది కదూ?"

"పోయింది. మీకెలా తెలుసు?"

"నువ్వు తొక్కావు కాబట్టి. పోట్లాడకు దాంతో. ముందున్న బండి ఆగుతుందని తెలిసినప్పుడు ఇంకా పరిగెత్తడమెందుకు? ఇప్పుడే వదిలెయ్."

ఆమె వదిలేసింది. దీపం వెలిగింది. కూడలి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాలు చాప తొక్కడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమె గమనించలేదు. చూసేసరికి రెండు చెప్పులూ కింద ఉన్నాయి, డ్రైవరుగారు సీటు మీద కాళ్లు మడుచుకుని, ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఆసుపత్రి గేటు ముందు రద్దీగా ఉంది. మిషనమ్మ ఎటు తీయాలో తెలియక అడ్డంగా ఆపింది. ఆయన్ని ఎప్పటినుంచో ఎరిగిన గేటు కాపలా మనిషి ఈల ఊదుకుంటూ పరుగున వచ్చాడు. ఆమె వైపు రాలేదు. చుట్టూ తిరిగి, ఆయన కిటికీలోకి వంగాడు.

"ఏం డ్రైవరుగారూ, గేటుకి అడ్డంగా పెడతారా? ముందుకు తీయండి!"

ఆ పిలుపుకి ఆయన మెడ అలవాటుగా నిటారైంది. పెదవులు కదిలాయి. మిషనమ్మ స్టీరింగు మీద వేళ్లు బిగించి, ముందుకే చూస్తూ ఉండిపోయింది. ఈ జవాబు ఆమె చెప్పేది కాదు.

ఆయన బొటనవేలితో పక్కకి చూపించారు.

"డ్రైవరు అటు," అన్నారు. "ఆవిడతో మాట్లాడు. నేను మూటల మనిషిని."

కాపలా మనిషి ఆయన్ని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. ఈల చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, కాస్త ముందుకు తీయండి," అన్నాడు.

మిషనమ్మ గేరు వేసింది. మోత మొదలైంది. ఆమె అద్దంలోకి చూసింది. ఆమె పక్క నుంచి ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోతున్నారు. క్లచ్ మీద కాలు అలాగే ఉంచి ఆగింది. వెనక హారన్లు కొట్టారు. ఆమె ఆగే ఉంది. డ్రైవరుగారు తల పక్కకి వాల్చి మోత వింటున్నారు. తెర వైపు చెయ్యి చాచలేదు.

కుర్చీ దాటిపోయింది. మోత తనంతట తనే ఆగింది.

"ఇప్పుడు," అన్నారాయన.

"నాకు కనబడుతోంది," అంది మిషనమ్మ, బండి ముందుకు తీసింది.

*

ఇట్లు,
కాజాలక్క. అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది మిషనమ్మ ఇంట్లోనే, రేకుల షెడ్డు పక్క గదిలో. కిటికీ తీస్తే నా స్తంభం, దాని పక్కన గుమ్మడికాయ.